బార్జి ట్యాంకులో గాలి

శ్రీసత్య మొట్టమొదట ఆ డబ్బా చేసుకున్నది సరదాకే. మద్దిలపాలెంలో ఏసీ బోర్డులు బాగుచేసే దుకాణంలో ఆమె పని. పగలంతా ఎవరివో కాలిపోయిన బోర్డులతో కుస్తీ పట్టినా, ఇంటికొచ్చాక తనకోసం ఏదో ఒకటి అతుక్కోకపోతే ఆమెకు పొద్దు పోదు. కరోనా తగ్గుముఖం పట్టిన రోజుల్లో గదుల్లో గాలి ఆడాలని అందరూ చెబుతుంటే, ఆడుతోందో లేదో ఎలా తెలుస్తుందన్న ఆలోచన ఆమెను పట్టుకుంది. ఆన్‌లైన్లో ఒక కార్బన్ డయాక్సైడ్ సెన్సార్ తెప్పించింది. అగ్గిపెట్టెకన్నా చిన్నది. లోపల ఒక చివర బుల్లి దీపం. అది ఇచ్చే పరారుణ కాంతి మన కళ్లకు కనిపించదు. రెండో చివర ఆ కాంతిని చూసే కన్నులాంటిది ఉంటుంది. మధ్యనున్న గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఎక్కువుంటే అంత కాంతిని అది మింగేస్తుంది. తగ్గిన కాంతిని బట్టి సెన్సార్ ఒక అంకె చెబుతుంది.

దానికి బ్యాటరీ, చిన్న తెర, రెండు లైట్లు, మోగే బజరు ఒకటి తగిలించి ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో బిగించింది. బయటి గాలిలో నాలుగు వందల చిల్లర చూపించి పచ్చ లైటు వెలిగేది. మల్కాపురంలో వాళ్ల ఇంట్లో, తలుపులు బిగించుకుని అన్నా వదినా, వాళ్ల కూతురూ, తనూ పడుకున్న గదిలో, తెల్లారేసరికి రెండు వేలు దాటి ఎర్ర లైటు వెలిగింది.

"దోమలు కుడితే కుట్టనీ" అని వదిన గంగాభవాని ఆ రోజు నుంచీ కిటికీ తెరిచి పెట్టడం మొదలుపెట్టింది.

అన్న అర్జునరావు మాత్రం ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. అతనిది చిప్పింగ్ పని. పడవలూ, సరుకులు మోసే బార్జీలూ మరమ్మతుకు వచ్చినప్పుడు లోపలికి దిగి, సుత్తులతో తుప్పు రాల్చి, గీకి, రంగు వేసే గ్యాంగుకు అతను మేస్త్రీ. శ్రీకాకుళం దగ్గరి పల్లెలో కౌలు సేద్యం వదిలేసి పాతికేళ్లు నిండకుండానే ఈ ఊరొచ్చి, ఈ పని చేస్తూనే చెల్లెలి చేత డిప్లొమా చదివించాడు.

"సత్తే, ఇది ట్యాంకులో గాలి కూడా సెప్తాదేటి?" అని అడిగాడు.

శ్రీసత్య అప్పుడు ఒక బోర్డు మీద వైరు అతుకుతోంది. తల ఎత్తలేదు. "గాలి పాడైతే సెప్తాది అన్నా" అంది.

ఆమె అన్నది అంతే.

అర్జునరావు పనికి పట్టుకెళ్లి వాడటం మొదలుపెట్టిన నెలలోనే ఆ డబ్బా నలుగురు మనుషులను కాపాడింది. ఫిషింగ్ హార్బర్లో ఒక మరపడవలో చేపలు నిల్వచేసే అర కడగడానికి వాళ్లను పిలిచారు. ఇంజను చెడిపోయి ఆ పడవ చాలా రోజులు కదలకుండా ఉంది. ఆ అరలో అడుగున మిగిలిపోయిన చేపలు కరిగిన ఐసు నీళ్లలో కుళ్లిపోయాయి. మూత తీయగానే దిగబోతున్న గురువులు అనే పనివాణ్ని అర్జునరావు చెయ్యి పట్టి ఆపి, తాడు కట్టి డబ్బాను లోపలికి దించాడు. డబ్బా గోల పెట్టింది. అంకె చివరిదాకా ఎగబాకి అక్కడే నిలబడిపోయింది. ఫ్యాను పెట్టి సగం రోజు గాలి తోలాక గానీ ఎర్ర లైటు ఆరలేదు.

గ్యాంగులో అందరికన్నా పెద్దవాడు గురువులు. ఆ సాయంత్రం వంజరం చేప ఒకటి పట్టుకుని మల్కాపురం ఇంటికి వచ్చాడు. "నీ డబ్బా లేకపోతే ఈయేల నా పెళ్లాం బొట్టు పోయేదమ్మా" అని శ్రీసత్య చేతిలో చేపను పెట్టాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అర్జునరావు చెల్లెలి గురించి మాట్లాడిన తీరుకు శ్రీసత్య సిగ్గుపడి వంటగదిలోకి పోయింది.

అప్పటినుంచి అది 'సెల్లి డబ్బా' అయింది. మిగతా గ్యాంగులవాళ్లు కూడా అడిగితే ఇంకో మూడు చేసి, ఒకటి తన గదిలో ఉంచుకుని రెండు ఇచ్చింది. ఒకటి హార్బర్లో పడవలు కడిగేవాళ్లకు, ఒకటి భీమిలిలో అశోక్ అనే మేస్త్రీకి. కాంట్రాక్టరు త్రినాథరావు కూడా సంతోషించాడు. అంతకుముందు ట్యాంకుల్లోకి దిగే ముందు గాలి తోలడానికి బ్లోయరు తెప్పించేవాడు. పచ్చ లైటు వెలిగితే ఇక బ్లోయరెందుకని మెల్లగా అది మానేశాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పని తొందరగా తెమిలిపోతోంది.

అర్జునరావుకు ఒక అలవాటయింది. ఎక్కడ దిగినా ముందు డబ్బాను దించి, పైకి లాగకముందే తెర కనబడేట్టు ఫోనుతో ఫోటో తీసి చెల్లెలికి పంపేవాడు. దుకాణంలో పని మధ్య ఆమె చూసి బొటనవేలు బొమ్మ పెట్టేది. అన్నా చెల్లెళ్ల మధ్య అదొక పలకరింపులా అయిపోయింది.

ఆ రోజు కూడా ఫోటో వచ్చింది. నాలుగు వందల పది. పచ్చ లైటు. శ్రీసత్య ఎదురుగా ఒక ఆసామి తన ఏసీ బోర్డు ఎప్పుడిస్తారని తగువు పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె అతనికి జవాబు చెబుతూనే బొటనవేలు బొమ్మ నొక్కింది.

కాసేపటికి గురువులు ఫోను చేశాడు. అతని గొంతు గుర్తుపట్టడానికే ఆమెకు కష్టమైంది.

"సత్తెమ్మా, నువ్వు బేగి రావాల. మీ యన్న ట్యాంకులో పడిపోనాడు."

"పడిపోడమేటి? మెట్లు జారినాడా?"

"జారనేదమ్మా. కిందకి దిగినాడు, నిలబడ్డాడు, అలగే కూలిపోనాడు. కేకైనా ఎయ్యనేదు."

ఆమె రేవులో ఆటో దిగేసరికి అతన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడికి వెళ్లేసరికి తెల్లగుడ్డ కప్పేశారు. గంగాభవాని వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఎవరో ఇచ్చిన మంచినీళ్ల సీసాను రెండు చేతులతో నొక్కిపట్టుకుని ఉంది.

జరిగింది గురువులే చెప్పాడు. రేవులో చాలాకాలం పని లేకుండా పడి ఉన్న పాత బార్జి అది. అడుగున ఉన్న ఖాళీ ట్యాంకు మూత బోల్టులు విప్పి తెరిచారు. లోపల చేపా లేదు, నూనే లేదు, వాసనా లేదు. డబ్బాను దించితే పచ్చ లైటే. అర్జునరావు నిచ్చెన దిగి, ట్యాంకు అడుగున కాలు పెట్టి, రెండు అడుగులు వేసి పడిపోయాడు. అతని కోసం గురువులు నాలుగు మెట్లు దిగేసరికి మోకాళ్లలో పట్టు పోయింది. పైనున్నవాళ్లు చొక్కా పట్టుకుని అతన్ని బయటికి లాగేశారు. అగ్నిమాపకవాళ్లు వచ్చి, ముఖాలకు గొట్టాలు పెట్టుకుని దిగాకే అర్జునరావును పైకి తేగలిగారు.

"అప్పటికీ డబ్బా పచ్చగానే ఎలుగుతున్నాదమ్మా" అన్నాడు గురువులు. ఆ మాట తనకే అర్థం కానట్టు మళ్లీ అన్నాడు.

త్రినాథరావు కూడా వచ్చాడు. శ్రీసత్యను పక్కకు పిలిచి, తల మీద చెయ్యి వేశాడు. "నీ డబ్బా కరట్టేనమ్మా. నువ్వేటీ మనసులో పెట్టుకోకు. గాలి బాగున్నాదని పోలీసోల్లకి కూడా నానే సెప్పినాను, మీటరు సూపించినాను. మనిసికి లోపలేదో జబ్బుండి ఉంటాది. లేపోతే ముందు రోజు మందు గట్రా..."

ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ ఆమెకు నిజంగానే ఊరటగా అనిపించింది. తర్వాత ఎన్నో రోజులు ఆమెను కాల్చుకుతిన్నది ఆ ఊరటే.

దహనం అయిన మర్నాడు శ్రీసత్య వెనక గదిలో కూర్చుని ఫోనులో ఆ ఫోటోను పెద్దది చేసి చూసింది. తెర మీది అంకెను కాదు, దాని వెనకనున్న దాన్ని. ట్యాంకు గోడ పొడుగునా తుప్పు పొరలు పొరలుగా లేచి, తడిగా, ఎర్రగా ఉంది. మొదట ఆమెకు ఏమీ తట్టలేదు. తర్వాత ఆ తడి ఎరుపు మీదే వేలు ఆగిపోయింది.

ఇనుము తుప్పు పట్టాలంటే గాలిలోని ఆక్సిజన్ కావాలి. మూత బిగించిన ఇనుప ట్యాంకులో, అడుగున ఉప్పునీటి చెమ్మతో, నెలల తరబడి ఆ గోడలు లోపలి ఆక్సిజన్‌ను తింటూనే ఉన్నాయి. అందులో ఏదీ కుళ్లలేదు, ఏదీ కాలలేదు. కాబట్టి కార్బన్ డయాక్సైడ్ పుట్టలేదు. సెన్సార్‌కు తెలిసింది ఆ ఒక్క వాయువే. అది ఎంతుందో సరిగ్గానే చూసింది, సరిగ్గానే చెప్పింది. మనిషి పీల్చడానికి ఏమైనా మిగిలిందా అని దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా అది చెప్పగలిగేది కాదు. ఈ సంగతి శ్రీసత్య కొత్తగా నేర్చుకున్నది కాదు. సెన్సార్ కొన్న రోజునే తెలుసు. ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో ఎనిమిదో తరగతిలోనే తెలుసు. ఆ రెండింటినీ ఒకచోట పెట్టి అన్నకు చెప్పాలని మాత్రం ఏనాడూ తోచలేదు.

ముందు గదిలో గంగాభవాని బట్టలు మడతపెడుతోంది. ఆమె ఎదుట నేల మీద కూర్చుని శ్రీసత్య అంతా చెప్పింది. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

గంగాభవాని భర్త చొక్కాను ఒళ్లో పెట్టుకుని విన్నది. "ఆలంతా తాగీసి దిగినాడంటన్నారు. ఇంటి పక్కోలు కూడా నన్నే అడిగినారు, ముందు రోజు తాగినాడా అని."

"అన్న తాగనేదు వొదినా. అక్కడ గాలే నేదు."

"నీకు తెలుసునా ఈ సంగతి? ముందే?"

"తెలుసును."

గంగాభవాని చొక్కా మడత విప్పి మళ్లీ మడిచింది. "నన్నేటనమంటావు సత్తే? నాను నిన్నేటీ అననేను. అనకండా ఉండనేను కూడా" అంది. కాసేపటికి ముఖం తిప్పుకునే అంది: "ఈ మాట నాకు కాదు, ఇచారణ సేసేవోల్లకి సెప్పు. మీ యన్న తాగుబోతని కాయితం మీద రాయించేత్తారు."

విచారణకు వచ్చిన అధికారి దేవీప్రసాద్ వయసు మళ్లిన మనిషి. శ్రీసత్య నోరు తెరవకముందే డబ్బా చూసి ఆయనకు సంగతి తెలిసిపోయింది. "ఇందులో ఆక్సిజన్ చూసే సెన్సార్ లేదు కదమ్మా" అన్నాడు. లేదంది. మూత తెరిచాక గాలి తోలించడం, ఆక్సిజన్ మీటరుతో కొలిపించడం, పైన ఒక మనిషిని కాపలా పెట్టడం కాంట్రాక్టరు చేయించి తీరవలసిన పనులని, అవేవీ జరగలేదని ఆయన చెప్పాడు.

"మీరు ఈ మాట రాసిస్తే త్రినాథరావు తప్పించుకోలేడు. కానీ డబ్బా చేసిందెవరు, దాన్ని నమ్మమన్నదెవరు అని అతని లాయరు మిమ్మల్ని కూడా లాగుతాడు. ఆలోచించుకోండి."

"గాలి పాడైతే చెబుతుందని నేనే అన్నాను సార్. అది కూడా రాయండి" అంది శ్రీసత్య.

ఆయన ఆమె ముఖంలోకి ఒకసారి చూసి రాసుకున్నాడు. శవపరీక్షలో మందు ఆనవాలు లేదని వచ్చింది. త్రినాథరావు మీద కేసు పెట్టారు. అది నడుస్తూనే ఉంది. అతను బావమరిది పేరు మీద మళ్లీ పనులు పట్టుకుంటున్నాడు.

పెద్దకర్మ అయిన తర్వాత గురువులు ఇంటికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, గంగాభవానికి దండం పెట్టి, శ్రీసత్య వైపు తిరిగాడు.

"అమ్మా, ఆ డబ్బా పోలీసోల్లు పట్టుకెళ్లిపోనారు. సోమారం నుంచి ఇంకో బార్జి పని. మాకు ఇంకోటి సేసియ్యాల."

డబ్బా సంగతి వీళ్లకు తెలుసనుకుంది శ్రీసత్య. ఊరంతా తెలుసనుకుంది.

"అన్నను సంపింది ఆ డబ్బాయే బాబూ" అంది.

"అలగనకు. అది మమ్మల్ని కాపాడిన డబ్బా. ఆయన టయము అలగొచ్చింది, నువ్వేటి సేత్తావు?"

ఎంత చెప్పినా అతను తల ఊపుతున్నాడు గానీ నమ్మడం లేదు. ఆమె మీద జాలితో ఊపుతున్నాడు. ఎల్లుండి రమ్మని పంపించింది. గాజువాకలో లేత్ షాపు నుంచి సంచెడు ఇనప పొడి తెచ్చింది. మూత గట్టిగా బిగిసే పెద్ద గాజు జాడీ అడుగున దాన్ని పరిచి, సముద్రపు నీళ్లతో తడిపింది. తన గదిలో మిగిలిన పాత డబ్బాను బ్యాటరీ నింపి ఆ పొడికి పైన వేలాడదీసి, మూత బిగించింది.

గురువులు వచ్చేసరికి పొడి ఎర్రబారి గడ్డకట్టింది. గాజులోంచి పచ్చ లైటు కనిపిస్తోంది.

"ఏటి సూపిత్తన్నాది బాబూ?"

"పచ్చే. బాగానే ఉన్నాది."

"ఇందులోకి నువ్వు దిగుతావా?"

"పచ్చగుంటే దిగుతాం కదమ్మా."

శ్రీసత్య ఒక కొవ్వొత్తిని తీగకు గుచ్చి వెలిగించింది. మూతను ఒక పక్కకు జరిపి మెల్లగా లోపలికి దించింది. జాడీ మెడ దాటగానే, ఎవరో వేళ్లతో నలిపేసినట్టు మంట ఆరిపోయింది. దాని పక్కనే డబ్బా పచ్చగా వెలుగుతూనే ఉంది. ఆమె మళ్లీ వెలిగించింది, మళ్లీ దించింది. మళ్లీ ఆరిపోయింది. వంటగది గుమ్మంలో గంగాభవాని నిలబడి చూస్తోంది.

గురువులు చాలాసేపు జాడీనే చూశాడు. "ఆ పొద్దు తాడు దింపింది నాను. పచ్చేనురా మేస్త్రీ, దిగిపో అన్నది కూడా నానే" అన్నాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. శ్రీసత్య అతని పక్కన కూర్చుంది.

హార్బర్లో ఉన్న డబ్బాను గురువులే అడిగి తెచ్చిచ్చాడు. భీమిలి అశోక్ మాత్రం ఫోను ఎత్తలేదు. శ్రీసత్య బస్సెక్కి భీమిలి వెళ్లింది. గ్యాంగు కాకినాడ పోయిందని, అక్కడ ఒక బార్జి పని దొరికిందని అతని ఇంట్లో చెప్పారు. బస్టాండులో నిలబడి పదే పదే చేస్తే చివరికి అశోక్ ఎత్తాడు. వెనక సుత్తుల మోత.

"ఎవులు? సత్తెమ్మా? డబ్బా బాగా పనిసేత్తన్నాది! మీ యన్న సంగతి ఇన్నాం, పాపం..."

"అశోక్ బాబూ, అది నమ్మి దిగకండి! ట్యాంకులు ఖాళీవైతే అస్సలు..."

"ఇనపడ్డం నేదమ్మా!" అని పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

ఆమె ఇంటికి పోకుండా కాకినాడ వెళ్లింది. మర్నాడు ఉదయం రేవు పక్కన ఆ బార్జిని వెతికి పట్టుకునేసరికి, అశోక్ గ్యాంగు ట్యాంకులోకి దిగే మ్యాన్‌హోల్ చుట్టూ కూర్చుని టీ తాగుతోంది. అందరూ బతికే ఉన్నారు. శ్రీసత్య వెళ్లి ఒక తాళ్ల చుట్ట మీద కూర్చుంది. జరిగిందంతా చెప్పి డబ్బాను ఇచ్చేయమంది.

అశోక్ విసుక్కోలేదు, ఎదురు చెప్పలేదు. డబ్బాను ఆమె చేతిలో పెట్టాడు. "తీసుకెల్లమ్మా. మరి మాకేటి? ఇది లేకపోనా దిగాల్సిందే. నీ డబ్బా రాకముందు మాత్రం సూసి దిగినామా?"

ఆమె దారి పొడుగునా డబ్బాను లాక్కోవడం గురించే ఆలోచించింది. గాలి తోలించమని అక్కడి కాంట్రాక్టరు మనిషిని అడిగింది. అతను నువ్వెవరన్నాడు. మిగిలిన మ్యాన్‌హోళ్లు కూడా తెరిపించమని అశోక్‌ను బతిమాలింది. తన అన్న పేరు చెప్పి బతిమాలింది. అది విన్నాక వాళ్లు లేచి, గొణుక్కుంటూనే, తుప్పు పట్టిన బోల్టులు విప్పారు. టీ కొట్టు నుంచి స్టాండు ఫ్యాను ఒకటి అరువు తెచ్చి మూతి దగ్గర పెట్టారు. అది చాలదని ఆమెకు తెలుసు. ఎంతసేపు తిరిగితే చాలో చెప్పే పరికరం ఆమె దగ్గర లేదు. తీగకు కొవ్వొత్తి గుచ్చి దించమంది. కింద వరకూ వెలిగింది. అంతకుమించి ఏం చేయాలో తెలియలేదు.

మధ్యాహ్నం దాటాక వాళ్లు నడుములకు తాళ్లు కట్టుకుని దిగారు. శ్రీసత్య మ్యాన్‌హోల్ పక్కనే బోర్లా పడుకుని, ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలుస్తూ, అందరి చేతా ఊ కొట్టిస్తూ ఉంది. కొందరు నవ్వారు. ఒకడు విసుక్కున్నాడు. ఆఖరి మనిషి పైకి వచ్చేదాకా ఆమె అక్కడి నుంచి లేవలేదు. మర్నాడు వాళ్లు ఇంకో ట్యాంకులోకి దిగాలి. అప్పటికి ఆమె అక్కడ ఉండదు.

ఆ మర్నాడు ఇల్లు చేరేసరికి గంగాభవాని వంట చేసి ఉంచింది. "దొరికినాదా?" అని అడిగింది.

"దొరికినాది."

"ఆలు బాగున్నారా?"

"నిన్నటికి బాగున్నారు."

గంగాభవాని కంచం పెట్టి అన్నం వడ్డించింది. మునుపైతే తనూ పక్కన కూర్చుని తినేది. ఇప్పుడు ముందు గదిలోకి వెళ్లి కూతురి పక్కన నడుం వాల్చింది. శ్రీసత్య కంచం ముందు కూర్చుని, అశోక్ నంబరు కలిపింది. అవతల మోగుతోంది.